ఫోర్కు పట్టిన ఎండ్రకాయ: కొట్లాట, వెతుకులాట ఒకే ముడి ఎట్లయినాయంటే

దూరం నుంచి చూసినోళ్లు ఇది చిన్నపిల్లల గేమ్ అనుకుంటారు. సముద్రం అడుగున రంగురంగుల ఇసుక, పగడాలు, మనుషులు పారేసిన చెత్త, వాటి మధ్యలో క్రిల్ అనే చిన్న ఎండ్రకాయ, చేతిలో నూడుల్స్ తినే ఫోర్కు, వీపు మీద గుల్ల ఉండాల్సిన తావున కూల్‌డ్రింకు టిన్ను. పేరు అనదర్ క్రాబ్స్ ట్రెజర్. అమెరికాలో సియాటిల్ కాడ ఉండే అగ్రో క్రాబ్ అనే చిన్న స్టూడియో చేసింది, 2024 ఏప్రిల్ 25న పీసీ, ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్, నింటెండో స్విచ్ అన్నిట్లో ఒకేసారి వచ్చింది. కథ కూడా విచిత్రమే, తీరం కాడ నీళ్ల గుంటలో తన పాటికి తాను బతుకుతా ఉన్న క్రిల్ దగ్గరికి అప్పులు వసూలు చేసే సొరచేప వచ్చి, పన్ను కట్టలేదని వాని గుల్ల పీక్కోని పోతుంది, ఆ గుల్ల కోసం వీడు లోతు నీళ్లలోకి దిగుతాడు. అంతే కథ. వానికి వాని ఇల్లు కావాల.

బొమ్మలు చూసి ముద్దుగా ఉందే అని కంట్రోలర్ పట్టుకున్నోళ్లు మొదటి పెద్ద శత్రువు కాడికి వచ్చేసరికి ఆగిపోతారు. మా కడపలో గేమ్ అంటే ఎక్కువమందికి ఫోన్లో ఆడే షూటింగే, ఎర్రముక్కపల్లె రూముల్లో ఉండే ఇంజినీరింగ్ పిల్లోళ్లు కొందరు లాప్‌టాప్‌లో ఆడతారు గానీ వాళ్లల్లో కూడా దగ్గరికి పోయి కత్తితోనో కర్రతోనో కొట్టే గేమ్స్ ఆడేటోళ్లు తక్కువ. మా అక్క కొడుక్కి ఇది పెట్టిచ్చినప్పుడు కాసేపు ఆడి, "మామా, నేను నొక్కతానే ఉండా, అది కొట్టేలోపలే నన్ను కొట్టేస్తాంది" అన్నాడు. ఇంకాసేపు అయినాక, "ఈ గుల్ల ఏంది మామా ఊరికే పగిలిపోతాది, మంచిది దొరికిందనుకునేలోపే పాయె" అన్నాడు. ఈ రెండు మాటలు వాడొక్కడే కాదు, ఈ గేమ్ మొదలుపెట్టిన ప్రతి ఒక్కరూ ఏదో ఒక రకంగా అనేవే, అందుకే ఈ రెండు మాటలనే పట్టుకోని మొత్తం విషయం విప్పుదామని ఇది రాస్తా ఉన్నా. నా లెక్కలో ఆ ఆలస్యంగా తగిలే దెబ్బ, ఆ పగిలిపోయే గుల్ల, ఈ రెండే ఈ గేమ్‌కు ప్రాణం, ఇవి అర్థమైతే ఈ ఒక్క గేమే కాదు ఈ జాతి గేమ్స్ అన్నీ అర్థమైతాయి.

నొక్కితే వెంటనే ఎందుకు తగల్లేదు

షూటింగ్ గేమ్‌లో ట్రిగ్గర్ నొక్కిన క్షణానే గుండు పోతుంది, కష్టమంతా గురి చూసేదాంట్లో ఉంటుంది. ఫోర్కుతో కొట్టేకాడ అట్ల కుదరదు. బటన్ నొక్కినాక మొదట ఫోర్కు వెనక్కి పోతుంది, దాన్ని గేమ్ చేసేటోళ్లు స్టార్టప్ అంటారు, ఆ తర్వాత ముందుకొచ్చి నిజంగా తగలగలిగే టైమ్ కొంచెమే ఉంటుంది, అది యాక్టివ్, అదయినాక చెయ్యి మళ్లీ సర్దుకోని మామూలు స్థితికి వచ్చేదాకా రికవరీ. ప్రతి దెబ్బలో ఈ మూడు ముక్కలు ఉంటాయి, మన దెబ్బలోనూ ఉంటాయి, శత్రువు దెబ్బలోనూ ఉంటాయి. ఒకసారి మొదలుపెట్టినాక మధ్యలో మనసు మార్చుకునేదానికి గేమ్ సాధారణంగా ఒప్పుకోదు. పీర్ల పండక్కో తిరణాలకో మన పల్లెల్లో కర్రసాము చేసేటోళ్లను చూసినోళ్లకు ఇది బాగా తెలుసు, గట్టిగా కొట్టాలని కర్రను తల వెనక దాకా తిప్పినోనికి మధ్యలో ఆపుకునే దారి ఉండదు, ఎదుటోడు నిదానస్తుడైతే ఆ దెబ్బను పక్కకు పోనిచ్చి, వాడు కర్రను మళ్లీ దగ్గరికి తెచ్చుకునే లోపల పక్కటెముకల మీద ఒకటి తగిలిచ్చి వెనక్కి వచ్చేస్తాడు. ఎంత పెద్ద దెబ్బైతే అంతసేపు ఒళ్లు ఖాళీగా దొరుకుతాది.

మా అల్లుడు చేస్తా ఉండింది ఏందంటే శత్రువు రికవరీలో లేనప్పుడు, అంటే వాడు కొట్టేదానికి చెయ్యి ఎత్తినప్పుడే, తనూ కొట్టేది. ఇద్దరూ ఒకేసారి మొదలుపెడితే ఎవరి స్టార్టప్ చిన్నదో వాళ్లది ముందు తగులుతుంది, పెద్ద శత్రువుకు ఒక దెబ్బ తగిలినా వాడు ఆగడు, మనకు తగిలితే మాత్రం మన దెబ్బ మధ్యలోనే పోతుంది. కాబట్టి నొక్కతానే ఉండేది ఈ గేమ్‌లో అన్నిటికంటే చెడ్డ పద్ధతి.

ఇంక వేగం సంగతి. చానామంది ఈ గేమ్స్ ఆడాలంటే చేతులు మెరుపు మాదిరి ఉండాల అనుకుంటారు, వయసైపోయినోళ్లకు కాదులే అంటారు, నేను దీన్ని అస్సలు ఒప్పుకోను, ఎందుకో లెక్క చెప్తా. గేమ్ సెకనుకు 60 ఫ్రేములు, అంటే తెర మీద 60 బొమ్మలు, నడుస్తుంటే ఒక్కో ఫ్రేము దాదాపు 16.7 మిల్లీసెకన్లు. మనిషి కంటితో ఒక మార్పు చూసి వేలు కదిలించేదానికి మామూలుగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది, అంటే 12 నుంచి 15 ఫ్రేములు. ఈ లెక్క గేమ్ చేసేటోళ్లకూ తెలుసు, అందుకే పెద్ద శత్రువు పెద్ద దెబ్బకు చెయ్యి ఎత్తేది దానికంటే చానా ఎక్కువసేపు ఉండేటట్టు పెడతారు, ముందే ఒక గుర్తు ఇస్తారు, భుజం వంగేదో, గొంతులోంచి ఒక శబ్దం వచ్చేదో, ఒంటి మీద మెరుపు మెరిసేదో. ఆ గుర్తును టెల్ అంటారు. ఆడేటోడు చెయ్యాల్సింది ఆ గుర్తును చదవడం. చదివేది ఎవరికైనా వస్తుంది, దానికి కావాల్సింది ఓపిక. దీంట్లో ఒక మెలిక ఉంది, 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ ఆడినోళ్లకు బాగా తెలిసే మెలిక, శత్రువు చెయ్యి ఎత్తి అట్లే ఆపి పెడతాడు, భయపడి ముందే తప్పించుకున్నోడు దొరికిపోతాడు. చెయ్యి ఎత్తినప్పుడు కాకుండా ఎత్తిన చెయ్యి కిందికి రావడం మొదలైనప్పుడు కదలాల, ఇది ఒకసారి అలవాటైతే సగం గేమ్ వచ్చేసినట్టే.

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పి పోతా, ఎందుకంటే దీని వల్ల చానామంది తమ చేతుల్నే అనుమానిస్తారు. టీవీలకు బొమ్మను అందంగా చేసే ప్రాసెసింగ్ ఉంటుంది, దానివల్ల మనం నొక్కింది తెర మీద కనపడేసరికి ఆలస్యం అవుతుంది, కొన్ని టీవీల్లో అది 100 మిల్లీసెకన్లు కూడా దాటుతుంది, అంటే ఆరు ఫ్రేములు గాల్లో పోయినట్టే. మా అక్కావాళ్లింట్లో టీవీలో గేమ్ మోడ్ అనే సెట్టింగ్ ఆఫ్‌లో ఉండింది. ఆన్ చేసినాక ఆ పిల్లోడే, "ఇప్పుడు మాట ఇంటాంది మామా" అన్నాడు.

తప్పించుకునే లెక్క కూడా పైకి కనపడే మాదిరి ఉండదు. మనకు తెర మీద కనపడేది బొమ్మ, గేమ్ లెక్క చూసుకునేది ఆ బొమ్మ చుట్టూ కనపడకుండా ఉండే డబ్బాలను. కొట్టే వస్తువు చుట్టూ ఉండేది హిట్‌బాక్స్, దెబ్బ తినే ఒంటి చుట్టూ ఉండేది హర్ట్‌బాక్స్, ఈ రెండూ కలిసినప్పుడే దెబ్బ తగిలినట్టు. డాడ్జ్ బటన్ నొక్కినప్పుడు కొన్ని ఫ్రేముల పాటు మన హర్ట్‌బాక్స్‌ను గేమ్ లెక్కలోంచి తీసేస్తుంది, వాటినే ఐ-ఫ్రేమ్స్ అంటారు. అందుకే దెబ్బకు దూరంగా పరిగెత్తేదానికంటే దెబ్బ లోపలికే దూరేది మంచిదని అనుభవం ఉన్నోళ్లు చెప్తారు, వినేదానికి పిచ్చిగా ఉంటుంది గానీ లెక్క ప్రకారం సరిగ్గా అదే కరెక్ట్, దూరంగా పోయేటోని మీద ఆ కత్తి ఎక్కువసేపు తిరుగుతుంది, ఎదురుగా దూరినోని మీదుగా ఒక్క క్షణంలో దాటిపోతుంది, పైగా వాడు శత్రువు వీపు వెనక తేలతాడు.

ఒకన్నే చూస్తూ తిరిగే కెమెరా

ఈ మొత్తం పద్ధతి 3డీలో కుదిరేదానికి ఒక పెద్ద సమస్య దాటాల్సి వచ్చింది, అది చెప్పకుండా ముందుకు పోతే అన్యాయం. 2డీ గేమ్‌లో శత్రువు ఎడమనో కుడినో ఉంటాడు, అంతే. 3డీలో వాడు చుట్టూ యాడైనా ఉండొచ్చు, కెమెరా ఒక పక్క చూస్తా ఉంటే కత్తి ఇంకో పక్క తిరుగుతుంది. 1998లో నింటెండో చేసిన జెల్డా గేమ్, ఆకరీనా ఆఫ్ టైమ్, దీనికి జడ్-టార్గెటింగ్ అనే దారి కనిపెట్టింది, ఒక బటన్ పట్టుకుంటే హీరో చూపు, కెమెరా రెండూ ఒకే శత్రువు మీద నిలబడతాయి, అప్పుడు మనం పక్కకు కదిలితే వాని చుట్టూ గుండ్రంగా తిరుగుతాం. దీని వెనక కథ నాకు చానా ఇష్టం. ఆ టీమ్ వాళ్లు క్యోటోలో ఉండే తోయే స్టూడియో పార్కుకు పోయినప్పుడు అక్కడ నింజాల ప్రదర్శన చూసినారంట, గొలుసు కట్టిన కొడవలితో ఒకడు దాడి చేస్తే, హీరో ఆ గొలుసును పట్టుకుంటాడు, గొలుసు బిగిసి దాడి చేసినోడు హీరో చుట్టూ గుండ్రంగా తిరుగుతాడు, ఆ గొలుసే కనపడకుండా కెమెరాలోకి వచ్చింది. చుట్టూ చానామంది ఉన్నా ఒకరు కొట్లాడతా ఉంటే మిగతావాళ్లు ఆగి ఉండేది కూడా వాళ్లు అక్కడే గమనించినారు, ఇప్పటికీ ఎన్నో గేమ్స్‌లో గుంపు మీద పడినప్పుడు అందరూ ఒకేసారి కొట్టరు, వంతులేసుకోని వస్తారు, దానికి మూలం అట్లాంటి రంగస్థలం చూపు. జనం ముందర చేసే కొట్లాట ప్రదర్శనలోంచి వీడియో గేమ్ కొట్లాట నేర్చుకుంది, నాకిది చానా గొప్ప విషయం అనిపిస్తుంది.

తర్వాత 2009లో జపాన్‌లోనే ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ కంపెనీలో హిదెతాకా మియాజాకి డైరెక్షన్‌లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్ వచ్చినాయి. ఇప్పుడు సోల్స్‌లైక్ అని పిలిచే జాతి వాటితోనే మొదలు. వాటి నియమాలు స్థూలంగా చెప్తే ఇంతే, దెబ్బకు కట్టుబడి ఉండాల, మధ్యమధ్యలో విశ్రాంతి తీసుకునే తావులు ఉంటాయి, అక్కడ కూర్చుంటే మన ప్రాణం నిండుతుంది గానీ చచ్చిన శత్రువులు కూడా లేచి వస్తారు, మనం చస్తే సంపాదించిందంతా చచ్చిన తావునే పడిపోతుంది, పోయి తెచ్చుకోవాల, తెచ్చుకునేలోపల మళ్లీ చస్తే అది ఇంక లేదు. క్రిల్ గేమ్‌లో ఆ విశ్రాంతి తావులు మూన్ స్నెయిల్ అనే సముద్రపు నత్త గుల్లలు, సంపాదన ఏమో మైక్రోప్లాస్టిక్, అంటే చిన్న చిన్న ప్లాస్టిక్ తునకలు. సముద్రం జీవాలకు మైక్రోప్లాస్టిక్కే డబ్బు. మనుషుల చెత్తే అక్కడి ఆస్తి, అక్కడి ఆశ, అక్కడి రోగం కూడా. ఈ ఒక్క ఆలోచన కోసమైనా ఈ గేమ్‌ను గౌరవిస్తా.

గుల్ల కాడ అసలు కథ

ఇప్పుడు మా అల్లుని రెండో మాట. ఊరికే పగిలిపోయే గుల్ల.

మామూలుగా యాక్షన్ అడ్వెంచర్ గేమ్స్‌లో వెతుకులాట, కొట్లాట రెండూ ఒకే ఇంట్లో ఉండే వేరు కాపురాలు. పోయి వెతుకుతావు, ఒక పెట్టెలో మంచి కత్తి దొరుకుతుంది, అది నీ దగ్గరే ఉండిపోతుంది, తర్వాత కొట్లాడేటప్పుడు ఆ కత్తి వాడతావు, వెతికే పని అయిపోయింది. కొట్లాట మొదలైనాక చుట్టూ ఏముందో చూసే అవసరం ఉండదు, శత్రువును చూస్తే చాలు. వెతికేటప్పుడు కొట్లాట గుర్తుండదు. ఈ రెండిటికీ మధ్య ఉండే తాడు చానా సన్నం.

క్రిల్‌కు ఒంటి మీద సొంత గుల్ల లేదు, అందుకని చుట్టూ పడి ఉన్న చెత్తలోంచి ఏదో ఒకటి ఎత్తుకోని తొడుక్కుంటాడు. అరవైకి పైగా రకాలు ఉన్నాయి, టిన్ను డబ్బాలు, మూతలు, ఆటబొమ్మల ముక్కలు, తినే పదార్థాలు కూడా. తొడుక్కున్న గుల్ల ఒకేసారి నాలుగు పనులు చేస్తుంది. ఒకటి, బ్లాక్ బటన్ నొక్కితే వాడు దాంట్లోకి ముడుచుకుంటాడు, దెబ్బ గుల్ల తింటుంది, గుల్లకు వేరే ప్రాణం ఉంది, అది అయిపోతే పగిలిపోతుంది. అంటే డాలు అనుకో, కానీ అరిగిపోయే డాలు. రెండు, దాని బరువు వీని నడకను మారుస్తుంది, తేలికది తొడుక్కుంటే చురుగ్గా తప్పించుకుంటాడు గానీ తొందరగా పగులుతుంది, బరువైంది ఎక్కువ దెబ్బలు ఓర్చుకుంటుంది గానీ ఒళ్లు మొద్దుబారినట్టు కదులుతాడు. మూడు, ప్రతి గుల్లకూ ఒక సొంత శక్తి ఉంటుంది, ఉమామి అనే మీటరు ఖర్చు పెట్టి వాడుకోవాల. నాలుగు, ఇదే అన్నిటికంటే ముఖ్యం, ఒక్కటే తొడుక్కోగలడు. దాచుకునేదానికి సంచి లేదు.

ఈ నాలుగోది ఎందుకు ముఖ్యమో చెప్పాలంటే ఇంకో గేమ్ సంగతి చెప్పాల. 2017లో వచ్చిన జెల్డా గేమ్, బ్రెత్ ఆఫ్ ద వైల్డ్, దాంట్లో కూడా ఆయుధాలు విరిగిపోతాయి, దాని మీద ఆడేటోళ్ల మధ్య పెద్ద గొడవే జరిగింది, ఇప్పటికీ జరుగుతా ఉంది. అక్కడ సమస్య ఏమయిందంటే మంచి కత్తి దొరికితే ఖర్చయిపోతుందేమో అని సంచిలో దాచి పెట్టుకుంటారు, మామూలు కర్రతో కొట్లాడతారు, చివరికి ఆ మంచి కత్తి సంచిలోనే ఉండిపోతుంది. విరిగేది పెట్టింది కొత్త కొత్తవి వాడించాలని, జరిగింది దాచిపెట్టుకోవడం. అగ్రో క్రాబ్ వాళ్లు సంచే తీసేసినారు. దాచుకునే తావే లేనప్పుడు భయం ఎట్ల పుడుతుంది? దొరికింది తొడుక్కో, వాడు, పగిలితే ఇంకోటి చూస్కో. కావాలంటే ఆటలో డబ్బు కట్టి ఒక గుల్లకు ఇన్సూరెన్స్ చేయించుకోవచ్చు, చచ్చినా అదే గుల్లతో లేస్తావు, అంతకు మించి దేని మీదా మమకారం పెట్టుకోనీయదు.

దీని ఫలితం కొట్లాట మధ్యలో తెలుస్తుంది. ఒక పెద్ద ఎండ్రకాయతో కొట్లాడతా ఉంటావు, గుల్ల ప్రాణం సన్నగా అయిపోతా ఉంటుంది, అప్పుడు కన్ను ఆటోమేటిక్‌గా నేల మీదికి పోతుంది, ఆ మూలలో ఏదో డబ్బా ఉన్నట్టుందే, ఇంతకుముందు వచ్చేటప్పుడు ఒక గాజు ముక్క చూసినానే, దాని దాకా పోయేదానికి వాని రెండు దెబ్బల మధ్య టైమ్ సరిపోతుందా అని. శత్రువు రికవరీ లెక్క, నేల మీద చెత్త యాడుందనే లెక్క, రెండూ ఒకే క్షణంలో బుర్రలో నడుస్తాయి. వెతుకులాట ఇప్పుడు కొట్లాట లోపలికి వచ్చేసింది. ఇట్లనే ఉల్టా కూడా జరుగుతుంది, ఖాళీగా తిరిగేటప్పుడు కూడా ప్రతి తావునూ ఇక్కడ కొట్లాట పడితే ఏం దొరుకుతుంది అని చూసుకుంటా పోతావు. అందుకే నేను మొదట్లోనే చెప్పినా, ఆ పగిలేది ప్రాణం అని, అది తీసేసి గట్టి గుల్ల ఒకటి చేతికిచ్చి ఉంటే ఇది ముద్దు బొమ్మలతో ఉండే ఇంకో సోల్స్‌లైక్ అయ్యేది, అంతకంటే ఏం ఉండేది కాదు.

గుల్ల లేకుండా కూడా కొట్లాడొచ్చు, ఒళ్లు తేలిగ్గా ఉంటుంది, కానీ ఒక్కో దెబ్బ నేరుగా ప్రాణానికే. కొందరు ఆ పద్ధతిలోనే పూర్తిచేసేది చూసినా, వాళ్ల ఓపికకు దండం.

కొట్టేదాంట్లో ఇంకో లెక్క ఉంది, తొందరగా చెప్తా. ప్రాణం తగ్గించడం ఒకటే దారి కాదు, శత్రువు నిలకడను కూడా దెబ్బతీయొచ్చు, అది పూర్తిగా పోతే వాడు వెల్లకిలా పడిపోయి కాసేపు చేతులూ కాళ్లూ ఆడిస్తా ఉంటాడు, అప్పుడు పెద్ద దెబ్బ పడుతుంది. 2019లో వచ్చిన సెకిరో ఆడినోళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. ఎండ్రకాయను వెల్లకిలా వేస్తే తిరగబడేదానికి తిప్పలు పడుతుందనేది పెన్నా ఒడ్డునో వరి మడి గట్టు మీదో వాటిని పట్టుకున్న పిల్లోళ్లందరికీ తెలిసిందే కాబట్టి ఇక్కడ అది ఎక్కువ అతికినట్టు ఉంటుంది.

తిరిగే దారుల విషయానికి వస్తే, ఇది సోల్స్ కంటే దూకుతా ఎక్కుతా పోయే ప్లాట్‌ఫార్మర్ గేమ్స్‌కు దగ్గర. నీళ్లల్లో ఉన్నాం కాబట్టి క్రిల్ దూకి కాసేపు ఈదినట్టు తేలతాడు, దాంతో లోతులు, ఎత్తులు బాగా వాడుకున్నారు. కొంత దూరం పోయినాక చేపలు పట్టే గాలం దారం చేతికి వస్తుంది, దాన్ని విసిరి ఎత్తైన తావులకు లాక్కోని పోవచ్చు, అప్పటిదాకా చూసి వదిలేసిన తావులు గుర్తుకొచ్చి వెనక్కి పోతాం. కొత్త శక్తి వచ్చినాక పాత తావు కొత్తగా కనపడేది 1986లో వచ్చిన మెట్రాయిడ్ కాలం నుంచి ఉన్న పద్ధతే, కొత్తేం కాదు, కానీ ఇక్కడ వెనక్కి పోయినప్పుడు దొరికేది మనుషుల ఇంట్లో వాడి పారేసిన వస్తువు అయ్యేసరికి ఏదో ఒక బాధ లాంటిది కలుగుతుంది.

ఆ బాధ ఊరికే కల్పించింది కాదు. క్రిల్ మాదిరి గుల్లలో బతికే నిజం ఎండ్రకాయను హెర్మిట్ క్రాబ్ అంటారు, దానికి వెనక భాగం మెత్తగా, వంకర తిరిగి ఉంటుంది, గట్టి కవచం ఉండదు, చచ్చిపోయిన నత్తల ఖాళీ గుల్లల్లో దూరి బతుకుతుంది, పెరిగే కొద్దీ ఇంకో పెద్ద గుల్ల వెతుక్కోవాల్సిందే. ఒక పెద్ద ఖాళీ గుల్ల దొరికితే కొన్ని జాతులవి సైజు ప్రకారం వరసగా నిలబడతాయి, పెద్దది కొత్త గుల్లలోకి పోతుంది, అది వదిలేసిన దాంట్లోకి దాని వెనకది, దాని వెనకది ఇంకోదాంట్లోకి, ఇట్ల ఒక్క గుల్లతో ఎన్నిటికో ఇల్లు మారుతుంది. అమెరికాలో ఐవాన్ చేజ్ అనే సోషియాలజిస్టు మనుషుల ఇళ్లు, ఉద్యోగాలు ఖాళీ అయ్యే తీరును దీంతో పోల్చి చదివినాడు. ఇప్పుడు ఆ నత్త గుల్లల తావున ప్లాస్టిక్ వస్తా ఉంది. 2024 మొదట్లో పోలాండ్ పరిశోధకులు జనం ఇంటర్నెట్‌లో పెట్టిన ఫోటోలన్నీ వెతికి, చెత్తను గుల్లగా వాడుకుంటున్న 386 హెర్మిట్ క్రాబ్‌లను లెక్కపెట్టినారు, నేల మీద తిరిగే 16 జాతుల్లో 10 జాతులవి ఉన్నాయి, ఎక్కువ భాగం ప్లాస్టిక్ మూతలే. దానికి ముందు హిందూ మహాసముద్రంలో కోకోస్ దీవుల్లో, పసిఫిక్‌లో హెండర్సన్ దీవిలో చేసిన అధ్యయనంలో ఏడాదికి దాదాపు 5,70,000 క్రాబ్‌లు ప్లాస్టిక్ డబ్బాల్లో దూరి బయటికి రాలేక చస్తున్నాయని అంచనా వేసినారు. దాంట్లో ఇంకో ఘోరం ఏందంటే చచ్చిన క్రాబ్ వాసన వస్తే అక్కడ ఒక గుల్ల ఖాళీ అయిందని అర్థం చేసుకోని ఇంకొన్ని అదే డబ్బాలోకి వస్తాయి. గేమ్‌లో తెలిసీ తెలియక నవ్వుకుంటా తొడుక్కునే టిన్ను వెనక ఈ లెక్క ఉంది. అందుకే ఈ గేమ్‌ను ఊరికే కామెడీ గేమ్ అంటే నాకు నచ్చదు.

కామెడీ విషయంలో నచ్చనివి కూడా ఉన్నాయి. ఇంగ్లీషు పదాలు విరిచి చేసిన చమత్కారాలు చానా, ఊరి పేరు, మనుషుల పేర్లు అన్నీ అట్లనే, అవి మన పిల్లోళ్లకు సగం కూడా చేరవు, చేరకపోయినా ఆటకు నష్టం లేదు గానీ ఆ మాటల మీద పెట్టిన కష్టమంతా మన దాకా రాదు. రెండోది, గోడ పక్కన కొట్లాడేటప్పుడు కెమెరా ఇరుక్కునేది, 3డీ గేమ్స్‌కు మొదట్నుంచీ ఉన్న జబ్బే ఇక్కడా ఉంది. చివరి భాగం ఇంకొంచెం చిన్నగా ఉండి ఉంటే బాగుండు అనిపించింది.

తుపాకీ ఇచ్చినా తప్పు లేదు

ఇంక మిగిలింది కష్టం గురించిన గొడవ. సోల్స్‌లైక్ ఆడేటోళ్లల్లో ఒక వర్గం ఉంది, ఈజీ మోడ్ పెడితే ఆట పవిత్రత పోతుంది అంటారు. ఈ గేమ్‌లో అసిస్ట్ మోడ్ అని సెట్టింగ్స్ ఉన్నాయి, గుల్ల గట్టితనం పెంచుకోవచ్చు, శత్రువుల ప్రాణం తగ్గించుకోవచ్చు, ఆట వేగం తగ్గించుకోవచ్చు, చచ్చినా మైక్రోప్లాస్టిక్ పోకుండా పెట్టుకోవచ్చు, ఇంక ఏదీ కుదరకపోతే క్రిల్‌కు తుపాకీ ఇచ్చే సెట్టింగ్ కూడా ఉంది, నిజంగానే, వాని సైజుకు మించిన పెద్ద తుపాకీ, ఒక్క గుండుతో శత్రువు పోతాడు. కొందరు దీన్ని ఎగతాళిగా చూస్తారు, నేను మాత్రం ఇది చానా మంచి మనసుతో చేసిన పని అంటా. పైన చెప్పిన లెక్కే మళ్లీ తీసుకోండి, కొట్లాట అనేది గుర్తు చూసి, లెక్క కట్టి, సమయానికి కదలడం. చేతులు వణికే జబ్బు ఉన్నోళ్లకు, చూపు తక్కువ ఉన్నోళ్లకు ఆ 12 ఫ్రేములు ఇంకా పెరిగిపోతాయి, వాళ్లకు ఆట వేగం తగ్గించి ఇస్తే మిగతావాళ్లు చదివే గుర్తులనే వాళ్లూ చదువుతారు, ఆట మారలేదు, గడియారం మారింది అంతే. వేగం తగ్గించే సెట్టింగ్ కష్టాన్ని తీసేయదు, కష్టం యాడ ఉండాల్నో అక్కడ పెడుతుంది. తుపాకీ సంగతి వేరు, అది కష్టాన్ని మొత్తం తీసేస్తుంది, ఐనా ఆ సముద్రం చూడాలనుకునే ఆరేళ్ల పిల్లకు కొట్లాట దాటించే దారి ఒకటి ఉండాల కదా.

నన్ను అడిగితే ఈ సెట్టింగ్స్‌ను వరసలో వాడుకోండి. మొదట ఆట వేగం ఒక్కటి తగ్గించండి, మిగతా ఏదీ ముట్టుకోవద్దు, ఒక శత్రువు ముందర నిలబడి ఒక్క దెబ్బ కూడా కొట్టకుండా వాడు ఏమేం చేస్తాడో చూడండి, ఎన్ని రకాల దెబ్బలు ఉన్నాయి, ఏ దెబ్బ తర్వాత ఎక్కువసేపు ఆగుతాడు, ఏ దెబ్బకు ముందర ఏ గుర్తు ఇస్తాడు. అవి తెలిసినాక ఆ ఒక్క పెద్ద ఆగేకాడ మాత్రమే ఒకటో రెండో దెబ్బలు కొట్టి వెనక్కి రండి, మూడోదానికి ఆశపడొద్దు. అది కుదిరినాక వేగం మళ్లీ మామూలుకు పెట్టండి. గుల్లల విషయంలో మొదట్లో మధ్య బరువువి చూస్కోండి, తేలికవాటి మీద కొట్లాడేది తర్వాత నేర్చుకోవచ్చు. లాప్‌టాప్‌లో ఆడేటోళ్లు కీబోర్డుతో కష్టపడొద్దు, ఈ జాతి గేమ్స్‌కు రెండు అనలాగ్ స్టిక్కులు ఉండే కంట్రోలర్ తప్పనిసరి అనే అంటా, ఒక చెయ్యి కదిలేదానికి, ఇంకో చెయ్యి చూసేదానికి. ఈ గేమ్ బయటికి వచ్చిన రోజే గేమ్ పాస్‌లో, అంటే ఎక్స్‌బాక్స్ వాళ్ల సబ్‌స్క్రిప్షన్‌లో, కూడా పెట్టినారు, అమెరికాలో దీని విడుదల ధర 30 డాలర్లు, కాబట్టి కొనేముందు మీ సబ్‌స్క్రిప్షన్‌లో ఇప్పుడు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే సేల్ వచ్చేదాకా ఆగండి, ఈ రకం చిన్న స్టూడియో గేమ్స్ సేల్‌కు తరచుగానే వస్తాయి. మా అల్లుడు ఇప్పుడు వేగం మామూలుకు పెట్టుకోని ఆడతా ఉన్నాడు, పగిలిన గుల్ల గురించి ఇంక అడగడం లేదు, ఏ మూలలో ఏం పడి ఉందో వాడే నాకు చెప్తా ఉన్నాడు.